వస్తువు పేరు: మేనకోడలు

జూన్ 4

అమ్మడూ,

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారు పడకు. రాస్తున్నది కుడి చెయ్యే, విరిగింది ఎడమది. కిటికీ తెరలు దింపుదామని స్టూలెక్కాను, స్టూలు నన్ను దింపింది. మణికట్టు దగ్గర ఎముక చిట్లిందని కట్టు కట్టారు. ఎనిమిది వారాలు ఉంచాలట. అరవై రెండేళ్ళ చెయ్యి, ఇన్నాళ్ళూ ఒక్క రోజు సెలవు అడగలేదు, ఇప్పుడు ఒకేసారి తీసుకుంది.

కుట్టు బల్ల మీద జనం ఇచ్చిన పదకొండు కోటులు పడి ఉన్నాయి, చేతులు పొట్టి చెయ్యాల్సినవి కొన్ని, నడుము వదులు చెయ్యాల్సినవి కొన్ని. ఒంటి చేత్తో సూదిలో దారం ఎక్కడం లేదు. మేడ మీద మాస్టారు సాయం చేస్తానని కళ్ళజోడు తెచ్చుకుని దిగాడు. రిటైరైనా ఆయనలో పాఠం చెప్పే మనిషి రిటైరవ్వలేదు. ఇరవై నిమిషాలు పట్టింది దారం ఎక్కించడానికి, ఆ ఇరవై నిమిషాలూ దారం ఎలా తయారవుతుందో దారం పనిచేసి బతికేదానికి చెప్పాడు.

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి రెండు నెలల తొమ్మిది రోజులైంది. నేను నాలుగు రాశాను, ఇది అయిదోది. ఫోన్ చేస్తే "మళ్ళీ చేస్తాను అత్తయ్యా" తప్ప ఇంకో మాట రాదు నీ నోట. అందుకే దీన్ని మీ ఆఫీసు చిరునామాకి పంపిస్తున్నాను. తొమ్మిదేళ్ళ వయసులో చిన్న పెట్టె పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డావు. ఆ రోజు నుంచి ఒక్క పేచీ పెట్టి ఎరగవు, ఊరంతా చెప్పుకుని మురిసిపోయాను. అలాంటి పిల్లవి నాకు జవాబు రాయడం మానేస్తే ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు.

నువ్వు ఇప్పించిన మీ కంపెనీ ఫ్రిజ్ మాత్రం భేషుగ్గా ఉంది. నీకంటే అదే నయం, తలుపు తడితే పలుకుతుంది.

కట్టుతో సహా,
నీ అత్తయ్య

*

జూన్ 9
ఫిర్యాదు సంఖ్య 40617

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

జూన్ 4న మీరు రాసిన లేఖ అందింది. మీ ఎడమ చెయ్యి విషయంలో మీకు కలిగిన అసౌకర్యానికి మేము హృదయపూర్వకంగా చింతిస్తున్నాము.

పరిశీలించగా సదరు వస్తువు అరవై రెండేళ్ళుగా వాడుకలో ఉన్నట్టు తేలింది. కావున వారంటీ వర్తించదని తెలియజేయడానికి విచారిస్తున్నాము. అయినప్పటికీ మీరు మాకు విలువైన వినియోగదారు కనుక, చెయ్యిని దాని అసలు పెట్టెలో, అసలు అట్టముక్కలతో సహా సర్ది మా సేవాకేంద్రానికి పంపగలరు. భాగాలను స్వయంగా విప్పే ప్రయత్నం చేయవద్దని మనవి.

స్టూలు మా ఉత్పత్తి కాదు.

మీరు పేర్కొన్న నాలుగు పాత లేఖలు మా రికార్డుల్లో కనిపించలేదు. మీకు మళ్ళీ మళ్ళీ సేవ చేసే అవకాశం ఇవ్వగలరు.

సీనియర్ సమాధాన సహాయకురాలు
ఫిర్యాదుల విభాగం

*

జూన్ 13

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి అరగంట నవ్వాను. నవ్వుతుంటే కట్టు కదిలి నొప్పి పుట్టింది, అయినా నవ్వాను. మాస్టారికి చూపించాను. ఆయన నవ్వలేదు. రెండుసార్లు చదివి, తప్పొక్కటీ లేదు, వారంటీ విషయంలో వాళ్ళు చెప్పింది న్యాయమే అన్నాడు. ఆ అసలు పెట్టె దాచుకున్నారా అని కూడా అడిగాడు.

ఇంతకీ చింతిస్తున్న ఈ "మేము" ఎవరే? మాకెవరికీ చెప్పకుండా పెళ్ళి గాని చేసుకున్నావా? చేసుకుంటే నా చెయ్యి గురించి అతను కూడా చింతిస్తున్నందుకు సంతోషం, తీసుకురా, కోటు కొలతలు తీసుకుంటాను.

తర్వాత పడుకుని ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. నువ్వు వేళాకోళం ఆడేటప్పుడు చివర్లో ఎక్కడో ఒక చోట దొరికిపోతావు, ఒక చిన్న బొమ్మ గీస్తావు, "నీ కోడలు పిల్ల" అని రాస్తావు. ఇందులో ఎంత వెతికినా నువ్వు దొరకలేదు. నామీద కోపమా? కోపమైతే తిట్టు. అలిగావా? ఒక్క సంగతి మాత్రం అంతుపట్టలేదు. ఇంటికి రాసిన ఉత్తరాలకి రెండు నెలలైనా జవాబు లేదు, ఆఫీసుకి రాస్తే వారం తిరిగేసరికి వచ్చింది.

చెయ్యి నా దగ్గరే ఉంది. పంపడం లేదు.

నీ అత్తయ్య

*

జూన్ 24

అత్తయ్యా,

క్షమించు. ఈసారి ఆఫీసు బల్ల మీద "అమ్మడూ" అన్న మాట కంటపడింది, మా ఫైల్లో ముందు రాసిన జవాబు నకలు వెతికి చదివాను. రాసింది నేనే. రాసినట్టు జ్ఞాపకం లేదు. అది నీ ఉత్తరమని గానీ, అది నీ చెయ్యి అని గానీ నాకు తెలియలేదు. క్షమించు. పెళ్ళి ఏమీ లేదు. కంపెనీ తరఫున రాసేటప్పుడు అలా రాయాలి, అంతే.

మా పని నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. రోజుకి ఒక్కొక్కరం డెబ్బై ఉత్తరాలకి జవాబు రాయాలి. ఫ్రిజ్‌లు, బట్టలుతికే మిషన్లు, మిక్సీలు, వాటితో పడలేని మనుషులు. మాకొక లావుపాటి ఫైలు ఉంది, అందులో నలభై పేరాలు. పది చింతించేవి, పది విచారించేవి, మిగతావి వారంటీ, పెట్టె, చిరునామా. ఉత్తరం చూడగానే మూడు, పదకొండు, ఇరవై ఏడు అని అంకెలు వేసుకుని కలిపి టైపు చేస్తాం. మొదట్లో చదివి రాసేదాన్ని. రోజుకి ముప్పై అయ్యేవి, సూపర్వైజరు మొహం చిట్లించేవాడు. పోయినేడాది ఎప్పుడో చదవడం మానేశాను. ఎప్పుడు మానేశానో తెలియదు. దాంతో డెబ్బై దాటి తొంభైకి వెళ్ళాను. నాకు ఉత్తమ క్షమాపణ బహుమతి ఇచ్చారు. గాజుతో చేసిన మనిషి బొమ్మ, నడుము వంచి నిలబడి ఉంటాడు.

ఉద్యోగులు అలిసిపోతున్నారని ఆఫీసుకి తెలిసింది. కొత్తగా ఉత్సాహ పత్రం పెట్టారు. రోజుకి మూడుసార్లు నింపాలి, పదికి ఎంత ఉత్సాహంగా ఉన్నామో. ఆరు కంటే తక్కువ వేస్తే సాయంత్రం పని అయ్యాక ఉండిపోయి, విశ్రాంతి ఎలా తీసుకోవాలో గంటసేపు పాఠం వినాలి. అందుకని అందరం తొమ్మిది వేస్తాం.

ఇంటికొచ్చాక కవర్లు విప్పలేకపోతున్నాను. నీ నాలుగు ఉత్తరాలూ బల్ల మీదే ఉన్నాయి. కవరు చూస్తే చెయ్యి ముందుకు పోదు. మొన్న తలుపు తగిలితే తలుపుకి క్షమాపణ చెప్పాను. అది పెద్ద విషయం కాదు, పక్కింటావిడ విన్నది, అంతే.

నేను బాగానే ఉన్నాను. చెయ్యి జాగ్రత్త.

నీ కోడలు పిల్ల

*

జూన్ 28
ఫిర్యాదుల విభాగానికి

వస్తువు పేరు: ఫ్రిజ్

లోపం: శబ్దం. నిట్టూర్పు లాంటిది.

ఎప్పుడు: రాత్రి పూట.

సాక్షులు: మేడ మీద మాస్టారు (సంతకం పెట్టారు).

ఇతర వివరాలు: ఈ కాగితం చూసే అమ్మాయి భోజనం చేస్తున్నదా? కూర్చుని చేస్తున్నదా, నిలబడా? ఎన్ని గంటలు నిద్రపోతున్నది? దయచేసి ఈ గడిలో అడిగిన ప్రతిదానికీ విడివిడిగా జవాబు ఇవ్వగలరు. ఇవ్వని పక్షంలో పై అధికారికి రాయబడును.

*

జూలై 1
ఫిర్యాదు సంఖ్య 41290

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

మీ ఫ్రిజ్ నిట్టూరుస్తున్నందుకు మేము హృదయపూర్వకంగా చింతిస్తున్నాము. శబ్దం కేటగిరీ కింద మా మెకానిక్ మీ ఇంటికి వస్తారు. ఒకసారి నమోదైన శబ్దం దొరికే వరకు ఫిర్యాదు మూసివేయబడదు.

ఇతర వివరాలు: భోజనం చేస్తున్నది. నిలబడి. నిద్ర నాలుగు గంటలు, కొన్నిసార్లు మూడు. ఆదివారం పడుకుంటుంది గాని నిద్రపోదు. సదరు అసౌకర్యానికి విచారిస్తున్నాము.

సీనియర్ సమాధాన సహాయకురాలు

*

జూలై 10

అమ్మడూ,

దొంగ పని చేశాను, నిజమే. ఇంటికి రాస్తే బల్ల మీద పడి ఉంటుంది, ఫిర్యాదు అయితే వారంలోపే జవాబొస్తుంది. మరి నేనేం చెయ్యను? శబ్దం లేనిది కల్పించాను. విచిత్రం ఏమిటంటే, మాస్టారు సాక్షి సంతకం అడగ్గానే పెట్టేశాడు, ఆ శబ్దం తనకీ రోజూ వినిపిస్తుందని. పెద్దాయన, ఏదో విని ఉంటాడులే అని ఊరుకున్నాను.

దానికి ఫలితం అనుభవిస్తున్నాను. మీ మెకానిక్ ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. వచ్చే ఏడు రిటైరవుతాడట, మంచి మనిషి. పొద్దున పదికి వచ్చి ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని, చెవి ఆనించి సాయంత్రం దాకా కూర్చుంటాడు. శబ్దం వినపడక బెంగ పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో వినపడని శబ్దం లేదట ఆయనకి. కల్పించానని చెబితే కుంగిపోతాడేమోనని చెప్పలేదు. ఖాళీగా ఎందుకని ఆయన ప్యాంటు అంచులు కుట్టి ఇచ్చాను, చెయ్యి ఆడుతున్నది కొంచెం.

నిన్న టీ తాగుతూ నీ సంగతి చెప్పాడు. ఫిర్యాదుల విభాగంలో ఒకమ్మాయి ఉంది, బహుమతి వచ్చిన అమ్మాయి, ఆ అమ్మాయి గురించి ఆఫీసంతా చెప్పుకుంటున్నారు అన్నాడు. నువ్వు నా కోడలివని ఆయనకి తెలియదు. పోయిన వారం మీ అంతస్తులో కాగితాల గది అంటుకుందట. గంట మోగితే అందరూ మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డారట. ఒక్కమ్మాయి మాత్రం దిగలేదట. పొగలో కూర్చుని టైపు చేస్తూనే ఉన్నదట. మంటలార్పే మనిషి వచ్చి కుర్చీతో సహా ఎత్తుకుని కిందికి దించితే, ఆ అమ్మాయి అతనితో ఒకే ఒక మాట అన్నదట.

"మీ సహనానికి ధన్యవాదాలు."

ఆయన నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. ఆయన వెళ్ళాక కత్తెర పక్కన పడేసి కాగితం తీశాను.

నువ్వు బాగానే ఉన్నానని రాశావు. మంటలొస్తే లేవని మనిషి బాగానే ఉన్నట్టా? నాకు భయమేస్తోందే. నీకు భయం వెయ్యడం లేదు చూడు, అందుకే భయం. దీంతో పాటు ఇంకో ఫిర్యాదు జతచేస్తున్నాను. పేరాలతో కలిపి కుట్టకుండా, దయచేసి దీన్ని చదువు.

నీ అత్తయ్య

జత:

వస్తువు పేరు: మేనకోడలు

అందిన తేదీ: తొమ్మిదేళ్ళ వయసులో అందింది. వస్తువు కొత్తదే, పెట్టె నలిగి ఉంది.

లోపం: తలుపు తీస్తే లోపల దీపం వెలగడం లేదు. మోటారు మాత్రం ఆగకుండా తిరుగుతోంది.

ఇంతకు ముందు మరమ్మతు జరిగిందా: లేదు. ఎప్పుడూ చప్పుడు చెయ్యలేదు కాబట్టి బాగుందనుకున్నాము.

వినియోగదారు కోరుతున్నది (కొత్త వస్తువు / సొమ్ము వాపసు / మరమ్మతు): కొత్తది వద్దు. వాపసు వద్దు. నాకు ఇదే కావాలి.

*

జూలై 15
ఫిర్యాదు సంఖ్య 41877

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

మేనకోడలు విషయంలో మీకు కలిగిన అసౌకర్యానికి మేము హృదయపూర్వకంగా

అత్తయ్యా, అక్కడి దాకా టైపు చేశాను. తర్వాత ఏ పేరా వెయ్యాలో తెలియలేదు. నలభైలో మేనకోడలికి పేరా లేదు. అందుకని లోపం గడి చదవాల్సి వచ్చింది. ఏడాదిలో అంకెలు వేసుకోకుండా నేను చదివిన మొదటి ఫిర్యాదు అదే.

మోటారు ఆగకుండా తిరుగుతోందంటే ఏమిటో చూద్దామని మెకానిక్‌లు వాడే పుస్తకం తీశాను. అందులో మంచు పేరుకోవడం అని ఒక పేజీ ఉంది. లోపల మంచు గడ్డకట్టుకుపోతే మోటారు విడవకుండా తిరుగుతుందట, అయినా లోపల ఏదీ చల్లబడదట. చాలామంది అది చూసి మీట ఇంకా పైకి తిప్పుతారట, దాంతో మంచు ఇంకా పెరుగుతుందట. చెయ్యాల్సింది ఒకటే. కరెంటు తీసెయ్యాలి. లోపలున్నవన్నీ బయట పెట్టి తలుపు తెరిచి ఉంచాలి. కింద గుడ్డ వెయ్యాలి, నీళ్ళు కారతాయి. తొందరపడి కత్తితో గీకకూడదు, లోపల గొట్టం తెగితే ఇక బాగుపడదు.

చదివి కూర్చుండిపోయాను. కాసేపటికి కాగితం తడిసింది. పై నుంచి కారుతోందేమోనని కప్పు వైపు చూశాను, నిజంగా చూశాను. సూపర్వైజరు వచ్చి ఉత్సాహ పత్రం ముందు పెట్టాడు. సున్నా వేశాను. సున్నా వేసినవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ లేరట. పత్రంలో ఒకటి నుంచే ఉంది, నేను గడి గీసుకుని వేశాను.

మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చాలా ప్రశ్నలడిగింది. నిద్ర, తిండి, ఆఖరిసారి ఎప్పుడు నవ్వానో. చివరికి దీన్ని బర్న్‌అవుట్ అంటారు, బద్ధకం కాదు, పొగరు కాదు, పని మనిషిని లోపల్నుంచి ఖాళీ చేసేయడం అంది. కనీసం రెండు నెలలు ఆ కుర్చీకి దూరంగా ఉండాలని రాసిచ్చింది. "నాకు రెండు నెలలు ఆగడం వస్తుందా?" అని అడిగాను. "రాదు, నేర్చుకోవాలి" అంది.

సెలవు ఇచ్చారు. కాకపోతే నేను లేని రెండు నెలల్లో జవాబులు ఆలస్యమవుతాయి కాబట్టి, ఆ ఆలస్యానికి క్షమాపణలు ముందుగానే రాసిపెట్టి వెళ్ళమన్నారు. రెండు వందలు. అలవాటు కొద్దీ కాగితం ఎక్కించాను కూడా. తర్వాత దింపేశాను.

గురువారం రైలుకి వస్తున్నాను. కింద గుడ్డ వేసి ఉంచు.

నీ కోడలు పిల్ల

*

జూలై 20
(వెనక గది తలుపు కింద నుంచి)

అమ్మడూ, ఒకే ఇంట్లో ఉండి చీటీలేమిటని మాస్టారు నవ్వుతున్నాడు. నువ్వు మాట్లాడలేనన్నావు కాబట్టి రాస్తున్నాను. రెండు రోజులైంది నువ్వు పడుకుని. మెకానిక్‌ని అడిగాను, మంచు కరగడానికి ఒక రోజు చాలట. మరి నీకు రెండు రోజులైంది. లేచావా?

*

జూలై 20
(అదే తలుపు కింద నుంచి బయటికి)

లేదు.

*

జూలై 27
(తలుపు కింద నుంచి)

అమ్మడూ, తొమ్మిది రోజులైంది, ఇలా లాభం లేదని నీ విశ్రాంతి కోసం నేనూ మాస్టారూ కూర్చుని ఒక పట్టిక వేశాం. ఆరింటికి లేవడం. ఆరున్నరకి ప్రశాంతంగా ఉండడం. ఏడున్నరకి నడక, మాస్టారు తోడు వస్తాడు, దారిలో చెట్ల గురించి చెబుతాడు. తొమ్మిదికి నవ్వడం (మెకానిక్‌ని రమ్మన్నాను, జోకులు బాగా చెబుతాడు). పదికి మళ్ళీ విశ్రాంతి. ప్రతి గడిలో పదికి ఎంతో వేసి సాయంత్రం నాకు ఇవ్వు.

*

జూలై 27
(బయటికి)

అత్తయ్యా, కత్తితో గీకుతున్నావు.

*

జూలై 28
(తలుపు కింద నుంచి)

పట్టిక చింపేశాను. మాస్టారు అలిగి పైకి వెళ్ళాడు, దిగుతాడులే. మెకానిక్ జోకులు నాకే చెప్పి వెళ్ళాడు, ఒక్కటీ బాగాలేదు.

నాకు చేతకావడం లేదే. బట్ట చిరిగితే ఇట్టే కుట్టి ఇచ్చేస్తాను. నిన్ను అలా చూస్తూ చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కావడం లేదు, ఒక చెయ్యి ఎలాగూ కట్టులో ముడుచుకునే ఉన్నా. సరే. కత్తి పక్కన పెట్టాను. గుడ్డ మాత్రం వేసి ఉంచుతాను. తలుపు కొంచెం తెరిచి పడుకో.

*

ఆగస్టు 16
(కుట్టు మిషన్ మీద, దారపు ఉండ కింద పెట్టినది)

అత్తయ్యా, నువ్వు బజారుకి వెళ్ళినప్పుడు ముందు గదిలోకి వచ్చాను. బూడిద రంగు కోటు పాత కుట్లు విప్పాను. ఒక చెయ్యి మాత్రమే. మధ్యాహ్నమంతా పట్టింది. ఎవరూ నన్ను లెక్కపెట్టలేదు. రేపు రెండో చెయ్యి విప్పుతాను. లేకపోతే ఎల్లుండి.

*

అక్టోబరు 2

అత్తయ్యా,

చేరాను. గదిలో బల్ల మీద నీ నాలుగు పాత ఉత్తరాలూ అలాగే ఉన్నాయి. రోజుకొకటి విప్పాను. మార్చిలో నీకు పన్ను నొప్పి వచ్చిందని అక్టోబరులో తెలిసింది. ఇప్పుడెలా ఉంది?

డాక్టరు చెప్పినట్టే పాత కుర్చీలోకి వెళ్ళలేదు. రోజుకి ముప్పై ఉత్తరాలు చదివి రాస్తాను, అంతకంటే కుదరదు అన్నాను. సూపర్వైజరు లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చి, అంత నెమ్మదిగా చింతించేవాళ్ళు విభాగానికి పనికిరారు అన్నాడు. నన్ను కింద విడిభాగాల కౌంటరులో వేశారు. సగం రోజు పని. మనుషులు అరిగిపోయిన మరలూ విరిగిన పిడులూ పట్టుకుని వస్తారు. నేను అలమార వెతికి అలాంటిదే తెచ్చి చేతిలో పెడతాను. ఉంటే ఉంది, లేకపోతే లేదు. క్షమాపణ చెప్పాల్సిన పని లేదు. అయినా మొదటి రోజు నలుగురికి చెప్పాను, నిన్న ఒక్కరికే. అంతా సర్దుకుందని చెప్పను. మంగళవారం గంట ఏదో మోగింది. పరుగెత్తుకుంటూ రోడ్డు మీదికి వచ్చేశాను, అందరికంటే ముందు. భోజనానికి మోగిన గంట అది. విడిభాగాల కోసం వచ్చిన మన మెకానిక్ చూసి చప్పట్లు కొట్టాడు.

గాజు బొమ్మ తలకిందులుగా పెట్టి చూశాను. అలా పెడితే మనిషి వంగినట్టు ఉండదు, కుప్పిగంతు వేస్తున్నట్టు ఉంటుంది. అలాగే ఉంచాను.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. నీమీద నాకొక ఫిర్యాదు ఉంది.

నువ్వు గురక పెడతావు. మామూలు గురక కాదు. ముందు కాసేపు లోపలికి లాగి, ఆగి, ఆ తర్వాత పొడుగ్గా ఒక నిట్టూర్పు వదులుతావు. మాస్టారు విన్నది అదే. పాపం మెకానిక్ పగలంతా ఫ్రిజ్‌కి చెవి ఆనించి కూర్చున్నాడు. నువ్వు కల్పించానన్న శబ్దం నిజమే, ఫ్రిజ్‌ది మాత్రం కాదు. రెండు నెలలూ గోడ అవతల నుంచి విన్నాను. నీకు చెబితే నొచ్చుకుంటావని చెప్పలేదు. చిన్నప్పుడు కూడా విన్నాను. అప్పుడూ చెప్పలేదు. దిండు తల మీద పెట్టుకుని పడుకునేదాన్ని.

నాకు నిద్ర పట్టేది కాదు అత్తయ్యా. చాలా ఇబ్బందిగా ఉండేది.

రాసేశాను. చింపకముందే పోస్టు చేస్తాను.

నీ కోడలు పిల్ల

*

అక్టోబరు 7
ఫిర్యాదు సంఖ్య 1

గౌరవనీయురాలైన మేనకోడలు గారికి,

గురక గురించి మీరు రాసిన లేఖ అందింది. మీకు కలిగిన అసౌకర్యానికి మేము ఏమాత్రం చింతించడం లేదు.

సదరు శబ్దం అరవై రెండేళ్ళ యంత్రానిది. విప్పడం కుదరదు, పెట్టె ఎప్పుడో పోయింది. ఈసారి వచ్చేటప్పుడు చెవుల్లో పెట్టుకోవడానికి దూది మీరే తెచ్చుకోగలరు. మెకానిక్ గారికి కబురు చేశాను. శబ్దం దొరికిందని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఫిర్యాదు మూసేశాడు. మాస్టారు మాత్రం సాక్షిగా తన మాట నెగ్గిందని మేడ మెట్లు విజయయాత్రలా దిగుతున్నాడు.

ఇది కంపెనీ ఉత్తరం. ఇక నా ఉత్తరం.

అమ్మడూ, పన్ను పీకేశారు, చెయ్యి కట్టు విప్పేశారు, రెండూ బాగున్నాయి. నీ కాగితం నిన్న పొద్దున వచ్చింది. నిలబడి చదివాను, మళ్ళీ కూర్చుని చదివాను. నువ్వు నా ఇంటికొచ్చిన మొదటి ఏడు నీ బూటు అడుగు ఊడిపోయింది, గుర్తుందా? నాకు చెప్పకుండా నెల రోజులు కాలు ఈడుస్తూ బడికెళ్ళావు. తెలిశాక ఏడ్చి క్షమించమన్నావు, బూటు ఊడినందుకు. నేనేం చేశానో తెలుసా? పదిమందికి చెప్పాను, మా కోడలు ఎంత అణకువ గల పిల్లో చూడండి, ఒక్క మాట అడగదు అని. ఇరవై ఏడేళ్ళు అదే చెప్పుకుని మురిశాను. తొమ్మిదేళ్ళ పిల్ల అడిగితే ఉంచుకోరేమోనని భయపడి అడగలేదని నాకు తట్టలేదు. మీ ఆఫీసు నిన్ను అలా తయారు చేసిందని తిట్టుకున్నాను గాని, ముందు బహుమతి ఇచ్చింది నేనే.

అందుకు మాత్రం చింతిస్తున్నాను. పేరాలోంచి తీసింది కాదు.

నీ ఫిర్యాదు కాగితాన్ని కోటు లోపల వేసే అస్తరు గుడ్డతో చుట్టూ అంచు కుట్టి, ఫ్రిజ్ తలుపు మీద పెట్టాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను, మా కోడలు నామీద ఫిర్యాదు చేసింది చూడండి అని.

ఇరవై ఏడేళ్ళలో ఇదొక్కటే అయ్యుండదు. ఇంకా ఉంటాయి. అన్నీ రాయి. తీరిగ్గా, గుర్తొచ్చినప్పుడల్లా, కాగితానికి రెండు వైపులా రాయి.

నీ అత్తయ్య